కణం గుమ్మంలో కొమ్మల అణువు

మందు మంచిదైతే చాలదు. మంచి కణాలకు హాని చేయకుండా రోగకణంలోకి చేరాలి. క్యాన్సర్ చికిత్సలో పెద్ద చిక్కు ఇదే. మందును మోసుకుపోయే వాహనాలుగా శాస్త్రజ్ఞులు పరీక్షిస్తున్న వాటిలో డెండ్రిమర్లు ఉన్నాయి. వీటిని అర్థం చేసుకోవడానికి మనం హైస్కూలులో చెప్పుకునే పాఠాలే చాలు.

డెండ్రిమర్ అంటే?

గ్రీకులో డెండ్రాన్ అంటే చెట్టు. ఇది చెట్టులా కొమ్మలు వేసే పాలిమర్. అమెరికాలోని డౌ కెమికల్ సంస్థలో డొనాల్డ్ టొమాలియా బృందం చేసిన ‘పామామ్’ డెండ్రిమర్ల వివరాలు 1985లో ప్రచురితమయ్యాయి. మధ్య భాగం నుంచి మొదట 4 కొనలు వస్తాయి. ఒక్కో తరంలో ప్రతి కొన రెండుగా చీలుతుంది. 8, 16, 32, 64 అవుతూ ఐదో తరానికి 128 కొనలు. అప్పుడు దాని వ్యాసం సుమారు 5 నానోమీటర్లు. మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు.

కణత్వచం ఏం చేస్తుంది?

కణత్వచం రెండు వరుసల కొవ్వు అణువుల పొర. దాని మందం కూడా దాదాపు 5 నానోమీటర్లే. అవసరమైనవాటిని రానిచ్చి, లోపలి సరుకు బయటకు పోకుండా కాపాడుతుంది.

రెండూ కలిస్తే?

డెండ్రిమర్ కొనల్లోని అమైన్ సమూహాలు శరీర ద్రవాల్లో ధనావేశం పొందుతాయి. కణం పైభాగంలో రుణావేశం ఎక్కువ. అందుకే రెండూ ఆకర్షించుకుంటాయి. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కృత్రిమ కొవ్వు పొరపై ఏడో తరం అమైన్ డెండ్రిమర్లు వేసి చూస్తే 15 నుంచి 40 నానోమీటర్ల రంధ్రాలు పడ్డాయి. ఐదో తరానివి కొత్త రంధ్రాలు చేయలేదుగాని, ఉన్న చిరుగులను పెద్దవి చేశాయి. సజీవ కణాలపై పరీక్షిస్తే లోపలి ఎంజైము బయటకు కారింది. గోడ కారితే కణం బతకడం కష్టం.

ఉపాయం ఏమిటి?

అమైన్ కొనలకు ఎసిటైల్ సమూహం తొడిగితే ఆవేశం పోతుంది. అలా తొడిగిన ఐదో తరం డెండ్రిమర్లు పొరకు చిల్లులు పెట్టలేదు. కొన్ని కొనలకు ఫోలిక్ ఆమ్లాన్ని, మరికొన్నింటికి మెథోట్రెక్సేట్ అనే మందును తగిలించవచ్చు. చాలా క్యాన్సర్ కణాలపై ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే గ్రాహకాలు ఎక్కువ. అవి దాన్ని పట్టుకుని వాహనాన్ని తామే లోపలికి మింగుతాయి. చిల్లు అవసరం లేదు. 2005లో ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో ఈ పద్ధతి విడి మందుకంటే మెరుగ్గా పనిచేసింది, విషప్రభావమూ తగ్గింది.

ఎలుకల్లో వచ్చిన ఫలితం మనుషుల మందు కావడానికి ఎన్నో పరీక్షలు దాటాలి. మన పిల్లలు గుర్తుంచుకోవలసింది ఒకటే: పదార్థం లోపల ఏముందన్నదే కాదు, పైన ఏముందన్నదీ దాని మేలు కీడులను నిర్ణయిస్తుంది.