ఛార్జి అంటే ఏ మోపు?

ఛార్జి అనే మాట మనం రోజూ వింటాం. బస్సు ఛార్జి అంటాం. సెల్లుకు ఛార్జింగు పెట్టమంటాం. ఠాణాలో ఛార్జిషీటు అంటారు. మాట ఒక్కటే. అర్థం మాత్రం ఒక్కటి కాదు.

ఇది ఇంగ్లీషు మాట. వాళ్లకు ఫ్రెంచి భాష నుంచి వచ్చింది. మొదట్లో దీని అర్థం బండికి బరువు ఎత్తడం. మన మోపు అనే మాట చూడండి. గడ్డిమోపు నెత్తిన మోస్తాం. పన్ను మోపారు అంటాం. నేరం మోపారు అంటాం. బాధ్యత మోపారు అంటాం. ఛార్జి కూడా అలాంటిదే. ఎవరి మీద ఏం మోపారో చూస్తే అర్థం దొరుకుతుంది.

డబ్బు మోపడం మనకు బాగా తెలుసు. కరెంటు బిల్లు తీయండి. ఎనర్జీ ఛార్జీలు అంటే వాడిన యూనిట్లకు పడిన డబ్బు. కస్టమర్ ఛార్జీలు వాడకం తక్కువైనా కట్టేవి. గడువు దాటితే సర్‌ఛార్జి పడుతుంది. తేదీ చదవడం వచ్చిన ఇంట్లో ఈ ఒక్కటీ మిగులుతుంది.

సెల్లుకు రెండున్నాయి. కరెంటు ఎక్కిస్తే ఛార్జింగు. డబ్బు కడితే రీఛార్జి. రీ అంటే మళ్లీ.

పేపర్లో "కొత్త తహసీల్దారు ఛార్జి తీసుకున్నారు" అని రాస్తారు. ఎంత తీసుకున్నాడు అని అడగకండి! ఆ పని బాధ్యత తీసుకున్నాడని అర్థం. ఇన్‌ఛార్జి అన్నా ఇదే. లాఠీఛార్జి వేరు. అది లాఠీలతో జనం మీద పడడం.

ఇక ఛార్జిషీటు. ఈ మాట వింటే గుండె ఝల్లుమంటుంది. మీరు ఫిర్యాదు ఇస్తే పోలీసులు మొదట ఎఫ్ఐఆర్ రాస్తారు. విచారణ చేస్తారు. ఫలానా మనిషి ఫలానా నేరం చేశాడని సాక్ష్యాలతో కోర్టుకు ఇచ్చే కాగితమే ఛార్జిషీటు. అది శిక్ష కాదు. తీర్పూ కాదు. నేరం చేశాడో లేదో కోర్టు తేలుస్తుంది. "ఛార్జిషీటుకు ఛార్జి అవుతుంది, వెయ్యి తే" అని మధ్యవాళ్లు అంటే నమ్మకండి. దానికి డబ్బు కట్టే పని లేదు. ఎఫ్ఐఆర్ నకలు కూడా ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఊరికే ఇవ్వాలి. అడిగి తీసుకోండి. వకీలు ఫీజుకు డబ్బు లేదా? 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. కోర్టులో న్యాయసేవల కమిటీ వాళ్లను అడగాలి.

ఆస్పత్రి మాట ఒకటుంది. డిశ్చార్జి. నెత్తి మీది మోపు దించడం లాంటిది. రోగం నయమై ఇంటికి పంపితే డిశ్చార్జి అంటారు. ఆ చీటీ దాచుకోండి. ఇచ్చిన మందులు, మళ్లీ రావలసిన తేదీ అందులో ఉంటాయి. కానీ నర్సమ్మ "డిశ్చార్జి అవుతోందా?" అని మెల్లగా అడిగితే అది వేరే సంగతి. తెల్లబట్ట అవుతోందా అని ఆమె అడుగుతోంది. ఇంటికి పంపుతారేమో అనుకుని తల ఊపకండి. సిగ్గుపడి లేదనకండి. వాసన, దురద ఉంటే అవీ చెప్పండి. మందు ఇచ్చేది దాన్ని బట్టే.

ఒక్కోసారి ఛార్జి సున్నా. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రలో 2025 ఆగస్టులో ఆడవాళ్లకు కొన్ని ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. ఉపాధి పని జాబు కార్డుకు దరఖాస్తు పెట్టుకోవడానికీ ఛార్జి లేదు. ఎవరైనా అడిగితే "ఏ ఛార్జి? రసీదు ఇస్తారా?" అనండి.

ఇప్పుడు మీ ఇంటి కరెంటు బిల్లు తెచ్చుకోండి. ఛార్జి అనే మాట ఎన్నిచోట్ల ఉందో గీత గీయండి. పక్కనున్న అంకెలు, ఛార్జి అని లేని సుంకం లాంటివి కూడా నోటుబుక్కులో రాసి కూడండి. అడుగున వేసిన మొత్తంతో సరిపోయిందా? పోకపోతే బిల్లు పట్టుకుని కరెంటు ఆఫీసులో అడగండి.