రోజా – ఆత్మనిగ్రహ దీక్ష

పాఠ్యభాగ పరిచయం

ఆహారాన్ని నియమించుకొని మనస్సును శుద్ధి చేసుకోవడం అనేక మతాలలో కనిపించే సాధన. ఇస్లాం మతంలో ఈ సాధనకు విశిష్ట స్థానం ఉంది. రంజాన్ మాసంలో ముస్లింలు పాటించే ఉపవాస దీక్ష స్వరూపాన్ని, అందులోని అంతరార్థాన్ని ప్రస్తుత పాఠ్యభాగం వివరిస్తుంది.

పాఠ్యభాగం

అన్నం దొరకక పస్తు ఉండడం వేరు. అన్నం ఎదుట ఉండగా దానిని ముట్టకుండా ఉండడం వేరు. మొదటిది దారిద్ర్యం. రెండవది దీక్ష. దారిద్ర్యం మనిషి మీదికి వచ్చి పడుతుంది. దీక్షను మనిషి తనంత తానుగా స్వీకరిస్తాడు. స్వీకరించిన దీక్ష ద్వారా ఎదుటివాని దారిద్ర్యాన్ని గుర్తింపజేయడం ఇస్లాం విధించిన ఉపవాసంలోని ప్రత్యేకత.

తెలుగులో మనం వాడే 'ఉపవాసం' సంస్కృత పదం. 'ఉప' అంటే సమీపం, 'వాసం' అంటే నివసించడం. భగవంతునికి చేరువగా ఉండడమే ఉపవాసమని పెద్దలు దీనికి అర్థం చెబుతారు. అరబ్బీ భాషలో ఉపవాసాన్ని 'సౌమ్' అంటారు. నిగ్రహించుకోవడం, విరమించుకోవడం అని దాని అర్థం. మన ప్రాంతంలో వ్యవహారంలో ఉన్న 'రోజా' పారసీక పదం. ఆ భాషలో 'రోజ్' అంటే దినం. మనం నిత్యం పలికే 'రోజు' అనే మాట కూడ అక్కడి నుంచి వచ్చినదే. పువ్వు పేరైన రోజాకు, దీనికి సంబంధం లేదు. ఈ మూడు పదాలను కలిపి చూస్తే దీక్షా స్వరూపం తెలుస్తుంది. దైవానికి చేరువ కావడం దాని లక్ష్యం, నిగ్రహం దాని మార్గం, పగటి సమయం దాని పరిమితి.

ఇస్లాం ధర్మానికి ఐదు మూల స్తంభాలు ఉన్నాయి. అవి విశ్వాస ప్రకటన, నమాజు, జకాత్, రోజా, హజ్. ప్రవక్త ముహమ్మద్ క్రీ.శ. 622లో మక్కా నుంచి మదీనాకు వలస వెళ్లారు. హిజ్రీ శకం ఆ వలసతో ఆరంభమైంది. హిజ్రీ రెండవ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 624లో, రంజాన్ ఉపవాసాలు విధిగా నిర్ణయింపబడ్డాయి. ఖురాన్ రెండవ అధ్యాయంలో 183 నుంచి 187 వరకు గల వాక్యాలు ఈ విధిని వివరిస్తాయి. ఉపవాసం పూర్వ జనులకు కూడ విధింపబడినదేనని, దాని ప్రయోజనం 'తఖ్వా' అని ఆ వాక్యాల సారాంశం. తఖ్వా అంటే దైవభీతి. దైవం తనను నిరంతరం చూస్తున్నాడన్న ఎరుకతో చెడు నుంచి తొలగి ఉండే గుణమది.

ఈ గుణానికి ఉపవాసం ఎలా దోహదం చేస్తుంది? నమాజును పదిమంది చూస్తారు. దానానికి పుచ్చుకొన్నవాడు సాక్షి. హజ్ యాత్రకు తోటి యాత్రికులు సాక్షులు. ఉపవాసానికి మాత్రం బయటి సాక్షి లేడు. ఒంటరిగా గదిలోకి వెళ్లి గుక్కెడు నీళ్లు త్రాగి వచ్చినవానిని ఎవరూ కనిపెట్టలేరు. అయినప్పటికీ మండుటెండలో గొంతు ఎండుతున్నా నీటికుండ వైపు చేయి చాచని వ్యక్తి తన అంతరాత్మకు మాత్రమే జవాబు చెబుతున్నాడు. చూచేవారు లేనిచోట కూడ సత్యంగా నిలబడగలగడమే రోజా నేర్పే మొదటి పాఠం.

ఉపవాసం తెల్లవారుజామున ఉషోదయంతో మొదలై సూర్యాస్తమయంతో ముగుస్తుంది. నల్లని దారం నుంచి తెల్లని దారం స్పష్టమయ్యే వరకు భుజింపవచ్చునని ఖురాన్ చెబుతుంది. అదీ బిన్ హాతిమ్ అనే అనుచరుడు ఈ మాటను యథాతథంగా గ్రహించి, దిండు క్రింద నలుపు, తెలుపు దారాలు ఉంచుకొని రాత్రంతా వాటిని చూడసాగాడు. ఎంతకూ రెండింటికీ భేదం కనిపించలేదు. మరునాడు ప్రవక్తకు ఈ సంగతి విన్నవించగా, నల్లదారం రాత్రి చీకటి అని, తెల్లదారం పగటి వెలుగు అని ఆయన వివరించారు. అలంకారాన్ని అలంకారంగా గ్రహించాలని తెలిపే చక్కని ఉదంతమిది.

వేకువకు ముందు తీసుకొనే ఆహారాన్ని 'సహరీ' అంటారు. ఆపై సూర్యాస్తమయం వరకు ఆహారం, నీరు, పొగత్రాగడం, దాంపత్య సుఖం నిషిద్ధాలు. సాయంకాలం ఖర్జూరంతో గాని, నీటితో గాని దీక్ష విరమిస్తారు. దీనినే 'ఇఫ్తార్' అంటారు. సూర్యుడు అస్తమించిన వెంటనే విరమించడం శ్రేష్ఠం. సహరీ చేయకుండా ఉండడం, విరమణను జాప్యం చేయడం గొప్పతనం కావు. ఏడాది పొడవునా ఉపవసించదలచిన ఒక యువ అనుచరుని ప్రవక్త వారించి, శరీరానికి, కన్నులకు, భార్యకు కూడ అతనిపై హక్కులున్నాయని బోధించారు. దేహాన్ని హింసించడం రోజా ఉద్దేశం కాదని దీనివల్ల స్పష్టమవుతుంది.

హిజ్రీ పంచాంగం చాంద్రమానాన్ని అనుసరిస్తుంది. అందులో సంవత్సరానికి సుమారు 354 దినాలు. అందువల్ల రంజాన్ మాసం ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 సంవత్సరాలలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. శీతకాలపు పొట్టి పగళ్లు, గ్రీష్మకాలపు దీర్ఘమైన పగళ్లు అన్ని దేశాల వారికీ వంతులవారీగా లభిస్తాయి. ఏ ప్రాంతం వారికీ శాశ్వతంగా సుఖం గాని, శాశ్వతంగా కష్టం గాని ఉండదు.

విధి ఎంత దృఢమైనదో, దానిలోని దయ అంత విశాలమైనది. పిల్లలకు ఉపవాసం విధి కాదు. రోగులు, ప్రయాణికులు విరమించి, తరువాతి దినాలలో పూర్తి చేసుకోవచ్చు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కూడ సడలింపు ఉంది. ఉపవసించే శక్తి లేని వృద్ధులు ఒక్కొక్క దినానికి ఒక్కొక్క పేదవానికి భోజనం పెట్టాలి. మరచిపోయి తిన్నవాని ఉపవాసం భంగం కాదు.

తెలిసి నియమాన్ని ఉల్లంఘించిన ఒకానొకడు ప్రవక్త సన్నిధికి వచ్చి, తాను నాశనమయ్యానని విలపించాడు. ఒక బానిసకు విముక్తి కలిగించగలవా అని ప్రవక్త అడిగారు. శక్తి లేదన్నాడు. వరుసగా రెండు నెలలు ఉపవసించగలవా అని అడిగారు. అదీ చేతకాదన్నాడు. అరవైమంది పేదలకు అన్నం పెట్టగలవా అన్నారు. అదీ సాధ్యం కాదన్నాడు. అంతలో ఎవరో ఒక గంపెడు ఖర్జూరాలు తెచ్చి ఇచ్చారు. వీటిని తీసుకొని దానం చేయమని ప్రవక్త ఆదేశించారు. మదీనా నగరంలో తన కుటుంబాని కంటె నిరుపేద కుటుంబం ఎక్కడుందని ఆ మనిషి అడిగాడు. ప్రవక్త నవ్వి, అయితే నీ ఇంటివారికే పెట్టుమని పంపివేశారు. శిక్ష అనుభవించడానికి వచ్చినవాడు ఆహారంతో ఇంటికి వెళ్లాడు. ఉపవాస భంగానికి ప్రాయశ్చిత్తం కూడ ఆకలి తీర్చడంలోనే ఉండడం ఇక్కడ గమనింపదగిన విషయం.

కడుపు ఒక్కటే ఉపవసిస్తే చాలదు. అసత్యాన్ని వీడనివాడు అన్నపానాలు వీడినందువల్ల దైవానికి ప్రయోజనం లేదని ప్రవక్త బోధ. క్రీ.శ. 1111లో పరమపదించిన ఇమామ్ గజాలీ అనే తత్త్వవేత్త ఉపవాసాన్ని మూడు శ్రేణులుగా విభజించాడు. ఆకలిదప్పులను, కామాన్ని నిగ్రహించడం సామాన్యుల ఉపవాసం. కన్ను, చెవి, నాలుక, చేయి, కాలు మొదలైన అవయవాలను పాపం నుంచి మరల్చడం ఉత్తముల ఉపవాసం. దైవేతర చింతన నుంచి హృదయాన్నే మరల్చడం ఉత్తమోత్తముల ఉపవాసం.

ఆకలి తెలిసినవానికి అన్నం విలువ తెలుస్తుంది. అందుకే ఈ నెలలో దానధర్మాలు విస్తారంగా జరుగుతాయి. నిర్ణీత పరిమితిని మించి సంపద ఉండి, దానికి ఏడాది గడిస్తే, అందులో నూటికి రెండున్నర వంతు జకాత్‌గా ఇవ్వాలి. దీనిని చాలమంది రంజాన్‌లోనే చెల్లిస్తారు. ఇది గాక, పండుగ నమాజుకు ముందే 'ఫిత్రా' అనే దానం ఇవ్వడం విధి. పండుగనాడు పేదవాని ఇంట పొయ్యి వెలగకుండా ఉండకూడదని దీని ఆశయం.

మన హైదరాబాదు నగరంలో రంజాన్ వైభవం ప్రసిద్ధమైనది. మాసంలోని చివరి శుక్రవారం మక్కా మసీదు వద్ద నమాజు చేసేవారి వరుసలు చార్మినార్ వరకు సాగుతాయి. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి కలిపి గంటల తరబడి ఉడికించే హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. అన్ని మతాలవారూ దానిని ఇష్టంగా ఆరగిస్తారు. ఈ రుచుల సందడిలో ఒక ప్రశ్నను మాత్రం మరువరాదు. పగలంతా కాచుకొన్న ఆకలిని రాత్రి అమితంగా తిని మరచిపోతే, ఆ ఆకలి మనకు ఏమి నేర్పినట్లు? ఇఫ్తార్ విస్తరి వద్ద ప్రక్కవానికి చోటు ఇచ్చినప్పుడే పగటి దీక్షకు ఫలం దక్కుతుంది.

నెలవంక కనబడగానే మాసం ముగుస్తుంది. షవ్వాల్ మొదటి దినం ఈదుల్ ఫితర్, అనగా రంజాన్ పండుగ. ఆనాడు ఉపవసించడం నిషిద్ధం. నిన్నటి వరకు తినకుండా ఉండడం ధర్మం. నేడు తినడం ధర్మం. అంటే ఆకలి స్వయంగా పుణ్యం కాదు. ఆజ్ఞకు తలవంచి కోరికను ఆపగలగడం, ఆజ్ఞ ప్రకారమే దైవమిచ్చిన అన్నాన్ని కృతజ్ఞతతో పంచుకొని భుజించడం – ఈ రెండింటిలోనూ పుణ్యముంది. నెల రోజులు స్వచ్ఛందంగా ఆకలిని అనుభవించినవాడు, ఏడాది పొడవునా బలవంతంగా ఆకలిని భరించేవానిని చూచి ముఖం త్రిప్పుకోలేడు. త్రిప్పుకోగలిగితే అతడు పస్తు ఉన్నాడే గాని ఉపవసించలేదు.

ప్రశ్నలు

1. 'ఉపవాసం', 'సౌమ్', 'రోజా' అనే పదాల అర్థాలను తెలిపి, దీక్షా స్వరూపాన్ని వివరించండి.
2. ఉపవాసానికి బయటి సాక్షి లేడని రచయిత ఎందుకు అన్నారు?
3. ఖర్జూరాల గంప ఉదంతం ద్వారా మీరు గ్రహించిన నీతి ఏమిటి?
4. పస్తు ఉండడానికి, ఉపవసించడానికి గల భేదాన్ని సొంతమాటలలో వ్రాయండి.