బాలల సాఫ్ట్‌బాల్ – నిబంధనలు, పరికరాలు

క్రికెట్టు ఎరుగని బాలుడు మన ప్రాంతంలో అరుదు. ఏలూరు వీధులలోనైనా, తాడేపల్లిగూడెం పేటలలోనైనా, కొల్లేటి లంక గ్రామాల గట్ల మీదనైనా మూడు పుల్లలు పాతి, చెక్కబద్ద చేతబట్టిన పిల్లలు కనబడుతూనే ఉంటారు. అట్టి చోట మరొక బంతి ఆటను గూర్చి వ్రాయనేల అని పాఠకులు అడుగవచ్చు. అందుకు కారణం ఒక చిన్న అనుభవం.

కొన్నేళ్ళ క్రితం ఒక పాఠశాలలో సాఫ్ట్‌బాల్ మొదలుపెట్టిన రోజున నేనక్కడ ఉన్నాను. పేరు విని అందరమూ అది మెత్తని బంతియే అనుకున్నాము. పెద్దలు ఆడే బంతినే పదేళ్ళ పిల్లలకు ఇచ్చాము. హెల్మెట్లు లేవు. ఆట మొదలైన కొద్ది నిమిషాలకే ఒక బాలిక చెంపకు దెబ్బ తగిలింది. గాయం నాలుగు రోజులలో మానింది. కాని ఆ బాలిక మరల మైదానంలోకి రాలేదు. ఆ పాఠశాలలో ఆటయూ సాగలేదు. పిల్లల వయస్సుకు తగిన కొలతలు వేరుగా ఉన్నవని మాలో ఎవరికీ తెలియదు. ఆ కొలతలను విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పుట్టుపూర్వోత్తరాలు

1887 నవంబరులో అమెరికాలోని షికాగో నగరంలో, ఫారగట్ బోట్ క్లబ్బులో, జార్జి హాంకాక్ అనే ఆయన ఒక బాక్సింగ్ గ్లౌజును త్రాళ్ళతో బిగించి బంతిగా చేసి, చీపురు కర్రను బ్యాటుగా ఇచ్చి, నాలుగు గోడల నడుమ మిత్రులచేత ఆడించారు. బేస్‌బాల్‌కు చెల్లెలివంటి ఈ ఆటకు 1926లో గాని సాఫ్ట్‌బాల్ అను పేరు రాలేదు. మన దేశంలో 1961లో సాఫ్ట్‌బాల్ సంఘం ఏర్పడింది. మొదటి జాతీయ పోటీలు 1967లో జోధ్‌పూర్‌లో జరిగాయి. 1996 నుండి 2008 వరకు ఒలింపిక్ క్రీడలలో మహిళల విభాగంలో దీనికి స్థానం లభించింది; 2021లో జరిగిన టోక్యో క్రీడలలో మరల కనిపించింది. మన రాష్ట్రంలో అనంతపురం ప్రాంతపు గ్రామీణ బాలికలు ఈ ఆటలో చక్కగా రాణించారు.

పేరు నమ్మి మోసపోరాదు. పెద్దల సాఫ్ట్‌బాల్ చుట్టుకొలత 12 అంగుళాలు; బరువు 178 నుండి 198 గ్రాములు. క్రికెట్ బంతి బరువు 156 నుండి 163 గ్రాములు మాత్రమే. అనగా మెత్తని బంతి అనిపించుకొన్నదే క్రికెట్ బంతికన్న బరువైనది!

మైదానం

ఆటస్థలం నాలుగు బేసులు గల చతురస్రం. ఒక్కొక్క భుజం 60 అడుగులు. మొదట హోమ్ ప్లేట్ ఉంచి, అక్కడినుండి తిన్నగా 84 అడుగుల 10¼ అంగుళాల దూరంలో రెండవ బేసు గుర్తించవలె. ఆ రెండింటి నుండియు అరువదేసి అడుగుల త్రాళ్ళు లాగగా, అవి కలిసే చోట్లు కుడివైపున మొదటి బేసు, ఎడమవైపున మూడవ బేసు అవుతాయి. గణితం చదివే విద్యార్థులకు ఇందులోని పైథాగరస్ సూత్రం వెంటనే స్ఫురిస్తుంది.

పిచ్చర్ బంతి వేసే దూరం వయస్సునుబట్టి మారుతుంది. ఎనిమిదేళ్ళలోపు వారికి 30 అడుగులు, పదేళ్ళలోపు వారికి 35, పన్నెండేళ్ళలోపు వారికి 40, ఆపై బాలికలకు 43 అడుగులు సాధారణంగా పాటించే కొలతలు. పదేళ్ళలోపు వారికి బంతి కూడా చిన్నది; చుట్టుకొలత 11 అంగుళాలు.

ఆడే విధానం

జట్టుకు తొమ్మిది మంది. పిచ్చర్ చేతిని తుంటికి దిగువగా త్రిప్పి బంతి వేయవలె. క్రికెట్ వలె భుజం మీదుగా వేయరాదు. చంకలకు, మోకాళ్ళకు నడుమ హోమ్ ప్లేట్ మీదుగా వచ్చిన బంతిని వదిలినా, ఏ బంతినైనా కొట్టబోయి తప్పినా అది స్ట్రైకు. మూడు స్ట్రైకులకు ఔటు. నాలుగు చెడ్డ బంతులు పడితే మొదటి బేసుకు ఊరకే నడిచిపోవచ్చు. గీతల లోపల బంతిని కొట్టినవాడు తప్పక పరుగెత్తవలె; క్రికెట్ వలె నిలిచిపోవడానికి వీలులేదు. నాలుగు బేసులూ చుట్టి వస్తే ఒక పరుగు. ముగ్గురు ఔటయితే జట్లు మారుతాయి. పెద్దలకు ఏడు ఇన్నింగ్స్, పిల్లలకు తగ్గించుకోవచ్చు. పిచ్చర్ చేతినుండి బంతి విడువక ముందు బేసు వదిలినవాడు ఔటు.

మరీ చిన్నపిల్లలకు టీ-బాల్ ఉన్నది. ఇందులో పిచ్చర్ బంతి వేయడు. నడుమెత్తు గొట్టంపై నిలిపిన మెత్తని బంతిని పిల్లవాడు కొట్టి పరుగెత్తుతాడు. కర్రాబిళ్ళ ఆడిన చేతికి ఇది త్వరగా పట్టుబడుతుంది. ఎదురుగా వచ్చే బంతి లేనందున భయం కలుగదు. మేమానాడు ఆ బాలికకు మొదట నేర్పవలసినది ఇదే.

పరికరాలు

బ్యాటు పొడవు 34 అంగుళాలకు, లావు 2¼ అంగుళాలకు మించరాదు. బాలుడు ఒంటి చేత్తో బ్యాటును ప్రక్కకు చాచి ఇరవై లెక్కించేవరకు పట్టుకోలేకపోతే అది అతనికి బరువని గ్రహించవలె.

ఖర్చుకు జంకనక్కరలేదు. హెల్మెట్లు కొట్టే జట్టుకే కావలె: కొట్టేవారికి ఒకటి, బేసులపై ఉండగల ముగ్గురికి మూడు, తరువాత రానున్నవారికి ఒకటి, వెరసి ఐదు. గ్లౌజులు బంతి ఆపే జట్టుకే గనుక తొమ్మిది చాలును. విసిరే చేయి గాక రెండవ చేతికి గ్లౌజు వేసుకోవలె. కనుక ఎడమచేతివాటం వారికి వేరే గ్లౌజు ఉంచవలె. కేచర్‌కు ముసుగు, ఛాతీ కవచం, కాలి కవచాలు ఒక్కొక్క జత. రెండు బ్యాట్లు, మూడు బంతులు ఉంటే రెండు జట్లూ ఆడవచ్చు. బేసులకు గోనెపట్టాను 15 అంగుళాల చదరంగా మడచి కుట్టుకోవచ్చు. లారీ రేడియేటర్ రబ్బరు గొట్టాన్ని చెక్కపీటకు బిగిస్తే టీ-బాల్ గొట్టం సిద్ధం. హెల్మెట్‌కు, ముసుగుకు మాత్రం నాటు ప్రత్యామ్నాయం లేదు.

కమిటీ వారికి మనవి

డెల్టా పొలాలు సార్వా, దాళ్వాల నడుమ కొద్ది దినాలే ఖాళీగా ఉంటాయి. కొల్లేటి అంచు నేలలు వానాకాలమంతా నీటిలోనే ఉంటాయి. కనుక మన పిల్లలకు కళాశాల మైదానమే ఆధారం. నిండు ప్యాంటుతో, తలగుడ్డపై హెల్మెట్‌తో ఆడగల ఈ ఆట మన బాలికలకు కూడ అనుకూలం. ఉర్దూ శాఖవారు, తెలుగు శాఖవారు ఒకే జట్టులో ఆడితే మరింత సంతోషం. కమిటీవారు మొదట ఐదు హెల్మెట్లు, కేచర్ కవచాలు కొనిపించి, తరువాతనే బ్యాట్ల మాట తలపెట్టవలసిందిగా ప్రార్థన. ఆ వరుస తారుమారైన చోట ఏమి జరిగినదో నేను కన్నులారా చూచితిని.