సప్లై చైన్ చదువు: మన అమ్రాబాద్ పిల్లలకు పనికొస్తుందా?

ఈసారి మన సొసైటీకి వచ్చిన ఉపకారవేతన దరఖాస్తుల్లో ఒక కొత్త కోర్సు పేరు కనిపించింది: బీబీఏ లాజిస్టిక్స్. కమిటీలోని పెద్దాయన ఒకరు కాగితం తిప్పి చూసి, "ఇదేం చదువు బాబూ, లారీ ఆఫీసుదా?" అన్నారు. అందరం నవ్వాం. కానీ అడగవలసిన ప్రశ్నే అడిగారు. బీకాం, బీఎస్సీ, బీటెక్ అంటే దాతలకు తెలుసు. ఈ పేరు తెలియదు. తమ సొమ్ము ఏ చదువుకు వెళుతున్నదో తెలుసుకునే హక్కు దాతలకు ఉంది కాబట్టి, మేము విచారించి తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

ఈ శాస్త్రం అర్థం కావడానికి మన రంజాన్ రేషన్ కిట్లే చాలు. ఒక ఏడాది బియ్యం వారం ముందే వచ్చిపడ్డాయి. దించడానికి చోటు లేక పిల్లలు చదువుకునే గదిలో పేర్చాం. ఖర్జూరాలేమో మూడో రోజా దాటాక గానీ రాలేదు. నూనె ప్యాకెట్ల మీద బియ్యం బస్తాలు వేయడంతో కొన్ని పగిలి, కింద ఉన్న చక్కెర పాడైంది. ఒక ఊళ్లో ఒకే ఇంటికి రెండు కిట్లు వెళ్లాయి, ఆ వీధి చివర ఉన్న వితంతువుకు ఒక్కటీ అందలేదు. డబ్బుకు కొదవ లేదు, సరుకుకూ కొదవ లేదు. ఎంత కొనాలి, ఎప్పుడు తెప్పించాలి, ఎక్కడ నిలవ చేయాలి, బండిలో ఏది ముందు ఎక్కించాలి, ఎవరికి అందిందో ఎలా రాసుకోవాలి అన్నది ముందుగా ఆలోచించలేదు. తప్పు మాదే. ఆ ఆలోచననే కళాశాలల్లో సప్లై చైన్ మేనేజ్‌మెంట్ అంటున్నారు. అందులో సరుకు రవాణా, నిలవలకు సంబంధించిన భాగం లాజిస్టిక్స్.

ఈ పేరును 1982లో కీత్ ఆలివర్ అనే బ్రిటిష్ సలహాదారు ప్రచారంలోకి తెచ్చారు. పని మాత్రం చాలా పాతది. మక్కా ఖురైషులు శీతాకాలంలోను, వేసవిలోను చేసిన వర్తక ప్రయాణాల ప్రస్తావన ఖురాన్‌లోనే ఉంది. దైవప్రవక్త (స) యువకునిగా ఉన్నప్పుడు హజ్రత్ ఖదీజా (రజి) సరుకును సిరియాకు తీసుకువెళ్లి, నమ్మకంగా అమ్మి లెక్క అప్పగించిన సంగతి మనందరికీ తెలిసిందే. ఇతరుల సరుకును అమానతుగా పట్టుకుని దూరం తీసుకెళ్లడం మనకు కొత్త విద్య కాదు.

మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ చూద్దాం. ఇక్కడి రైతు పత్తి ఏరి బండికెత్తుతాడు. కాటన్ కార్పొరేషన్ కేంద్రంలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర. అంతకుమించితే కోత పడుతుంది, 12 శాతం దాటితే కొనరు. అక్కడి నుంచి జిన్నింగ్ మిల్లు. పత్తి బరువులో ఇంచుమించు మూడో వంతు దూది అవుతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గింజ. గింజ నూనెకూ చెక్కకూ పోతుంది, దూది 170 కిలోల బేళ్లుగా నూలు మిల్లుకు పోతుంది. రైతు ఇంటి ముందు మంచులో ఒక రాత్రి ఉన్న పత్తి ధర మారిపోతుంది. మిల్లు ముందు రెండు రోజులు వరుసలో నిలబడ్డ లారీకి కిరాయి పెరుగుతుంది. ఈ నష్టం ఎక్కడ పుడుతున్నదో కనిపెట్టి, దాన్ని తగ్గించడమే ఈ చదువు నేర్పే విద్య.

మన్ననూరు చెక్‌పోస్టు సంగతి అందరికీ తెలుసు. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు శ్రీశైలం వైపు అడవి దారి మూసేస్తారు. హైదరాబాద్‌లో లోడింగ్ అరగంట ఆలస్యమైతే ఇక్కడ తొమ్మిది గంటలు పోతాయి. బండిలో ఉన్నవి కూరగాయలైతే అవీ పోతాయి. కాలేజీలో దీన్ని 'రూట్ ప్లానింగ్' అనే పాఠంగా చెబుతారు. మన డ్రైవర్ల పిల్లలకు అది పుట్టుకతో తెలిసిన పాఠం. వాళ్లు వెనకబడేది కంప్యూటర్ దగ్గర, ఇంగ్లీషు దగ్గర.

ఇటీవల ఈ చదువుకు గిరాకీ పెరగడానికి కారణాలున్నాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రానికొక చిన్న గోదాము పెట్టుకోవలసిన అవసరం తగ్గి, కంపెనీలు పెద్ద గోదాములకు మళ్లాయి. అదే ఏడాది నవంబరులో కేంద్రం లాజిస్టిక్స్‌కు మౌలిక వసతుల రంగం హోదా ఇచ్చింది. 2022 సెప్టెంబరులో జాతీయ లాజిస్టిక్స్ విధానం వచ్చింది. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, మంగళ్‌పల్లి, బాటసింగారం వంటి చోట్ల గోదాములు లేచాయి. మందులు, టీకాలు తయారయ్యే నగరం కావడం ఇంకో బలం. కోవాక్సిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి. హైదరాబాద్‌లో తయారైన సీసా ఆ చల్లదనం చెడకుండా మారుమూల ఆసుపత్రి చేరాలంటే దారి పొడవునా లెక్క తెలిసిన మనిషి ఉండాలి. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఒక్క ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసుకుపోతే ప్రపంచమంతా సరుకులు నిలిచిపోయిన సంగతీ మరచిపోలేం.

ఇక కోర్సులు. ఇంటర్ ఏ గ్రూపు చదివినా బీబీఏలో చేరవచ్చు. కొన్ని డిగ్రీ కళాశాలల్లో బీబీఏ లాజిస్టిక్స్ ఉంది. అందులో కొంతకాలం కంపెనీలో అప్రెంటిస్‌గా స్టైపెండ్‌తో పనిచేయించే పద్ధతి మా దృష్టిలో అన్నిటికంటే మంచిది. బీకాం చదివి, తరువాత ఎంబీఏలో ఆపరేషన్స్ తీసుకున్నా ఇదే దారికి వస్తారు. బాగా చదివే పిల్లలకు వడోదరలోని గతిశక్తి విశ్వవిద్యాలయం, పూర్వం నీటీ అని పిలిచిన ఐఐఎం ముంబై ఉన్నాయి. అక్కడ సీటు తేలిక కాదు.

ఉద్యోగాల విషయంలో దాతలకు నిజం చెప్పాలి. గోదాములో డబ్బాలు తీసి ప్యాక్ చేసే పనికి ఈ డిగ్రీ అక్కరలేదు. అదే పని చేయించి 'లాజిస్టిక్స్ ఉద్యోగం' అనేవారూ ఉన్నారు. డిగ్రీ ఉన్నవారికి తగినవి వేరు: స్టాకు లెక్కలు చూసే పని, కొనుగోలు విభాగం, డిస్పాచ్ సూపర్‌వైజర్, ఎగుమతి దిగుమతుల కాగితాలు, వచ్చే నెల ఎంత సరుకు కావాలో అంచనా వేసే ప్లానర్. మొదటి జీతం చూసి తల్లిదండ్రులు నిరాశపడవచ్చు. ఎక్సెల్ బాగా వచ్చి, శాప్ వంటి సాఫ్ట్‌వేర్ మీద చేయి తిరిగి, రెండు మూడేళ్లు ఓపిక పట్టినవారికి పై మెట్టు దొరుకుతుంది. పాలమూరు నుంచి గల్ఫ్‌కు హెల్పర్లుగా, డ్రైవర్లుగా ఎంతోమంది వెళ్లారు. ఈ చదువుతో వెళ్లేవాడు స్టోర్‌కీపర్‌గా, షిప్పింగ్ గుమాస్తాగా వెళ్లగలడు. ఆడపిల్లలకు కాగితాల పని, ప్లానింగ్ పని ఆఫీసులోనే ఉంటాయి, రాత్రి షిఫ్టులు గోదాముల్లోనే ఎక్కువ. ఈ తేడా ఇళ్లలో చెప్పి ఒప్పించవలసిన బాధ్యత మనదే.

'నూటికి నూరు శాతం ఉద్యోగం' అనే ప్రకటన చూసి పెద్ద ఫీజు కట్టే డిప్లొమాలకు మేము సాయం చేయబోము. ఏ విశ్వవిద్యాలయం గుర్తింపు ఉంది, అప్రెంటిస్‌షిప్ ఏ కంపెనీలో, ఆ మాట కాగితం మీద ఉందా అన్న మూడూ చూశాకే దరఖాస్తు తీసుకుంటాం.

అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి మన పిల్లలు ఆగిపోయేది చాలాసార్లు ఫీజు దగ్గర కాదు. సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో గది అద్దె, మెస్సు, ఒక పాత ల్యాప్‌టాప్ దగ్గర ఆగిపోతున్నారు. జకాత్ నిధి నుంచి అర్హులకే ఇస్తాం. మిగిలినవారికి సదఖా, సాధారణ విరాళాల నుంచి ఇస్తాం. రెండు ఖాతాలూ వేరుగా ఉంటాయి.

డబ్బుతో పాటు ఇంకొకటి అడుగుతున్నాం. మన దాతల్లో కిరాణా హోల్‌సేల్, ఎరువులు, పల్లీల కొనుగోలు, లారీ ట్రాన్స్‌పోర్టు చేసేవారున్నారు. వేసవి సెలవుల్లో ఒక్కో విద్యార్థిని నెల రోజులు మీ గోదాములో కూర్చోబెట్టి స్టాకు రిజిస్టర్, వే బిల్లు, బాకీ పుస్తకం చూపించండి. ఒప్పుకునేవారు దోస్త్ అడ్మిషన్లు మొదలయ్యేలోగా సొసైటీ కార్యాలయంలో పేరు రాయించండి. ఆ నెల భోజనం ఖర్చు సొసైటీదే, ఇన్షా అల్లాహ్.