చలనచిత్రములలోని అడవిపోరులు – వాని యథార్థత

అమెరికా దేశపు సరిహద్దు యుద్ధములను చూపు చలనచిత్రములను మన విద్యార్థులలో ననేకులు చూచియే యుందురు. గుఱ్ఱములు పరుగెత్తును, తుపాకులు ఎడతెగక ప్రేలును, ఆదిమనివాసులు గుంపులుగా నేలకొరగుదురు. ఇందు సత్యమెంత? దీనిని తెలిసికొనుటకు మనము సముద్రములు దాటనక్కరలేదు. మన భద్రాచలపు టడవులును, వాని తూర్పున నున్న కొండలును ఇట్టి పోరాటములను చూచినవి. వానిని గీటురాయిగా గైకొని మేమీ విషయమును విచారింతుము.

1879 మార్చి నెలలో చోడవరము ప్రాంతమున రంపపితూరీ పుట్టెను. జూలై నాటికది, శబరి గోదావరిలో గలియు చోటికి సమీపముననున్న రేకపల్లి సీమకు వ్యాపించెను. ఆ సీమ 1874లో మధ్యపరగణాలనుండి మదరాసు రాజధానిలో చేర్పబడినది. పిదప పోడు వ్యవసాయముపై పన్ను హెచ్చినది. కొన్ని యడవులలో చెట్లు నరుకుట నిషేధింపబడినది. రంపసీమలో కల్లుపై విధించిన పన్ను జనులను బాధించెను. దీని నణచుటకు ప్రభుత్వము వందలకొలది పోలీసులనేగాక, మదరాసు పదాతిదళములు ఆరింటిని, అశ్వికులను, హైదరాబాదు కంటింజెంటు సైనికులను పంపవలసివచ్చెను. ఇంత సేనకును విరోధులు కొండవారు మాత్రమే కారు. దట్టమైన యడవియు, మన్యపు జ్వరమును గూడ విరోధులే. తెరపై తుపాకిదెబ్బ కనబడును గాని చలిజ్వరము కనబడదు.

ఇక ఆయుధముల లెక్క. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషనులను వరుసగా ముట్టడించెను. అందు చిక్కినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. భాగించి చూడుడు, తుపాకికి నూఱు తూటాలైనను రావు. అట్టివాడు గాలిలోనికి కాల్చునా? 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’ చిత్రములో వెంటాడు వారు బండిగుఱ్ఱములనేల కొట్టరని ప్రేక్షకులు అడుగుచుందురు. కొట్టినచో బండి నిలుచును, కథయు ముగియును! మన కొండవారట్లు గుండ్లు వృథా చేయలేదు, ఇరుకుదారులలో పొంచియుండిరి.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగినది దీనికి నిదర్శనము. ముందు నడచిన భారతీయులను పోనిచ్చి, వెనుక వచ్చుచున్న స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇరువురు తెల్లదొరలను కాల్చిరి. ఎవరిని కాల్చవలెనో గాక ఎవరిని కాల్చరాదో యెఱిగి పోరాడుట కల్పనలకంటె నాశ్చర్యకరము. ఆ పోరు 1924 మే 7న రాజు కాల్చబడువరకు ఇరువదినెలలకు పైగా సాగెను. అందు నడకయు, ఆకలియు, నిరీక్షణమునే అధికము.

అమెరికాలోను సత్యమిట్టిదే. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ వద్ద కస్టర్ సైనికులు ఖడ్గములు ధరింపలేదు. అయినను 1941 నాటి చిత్రమున కస్టర్ ఖడ్గము చేబూని నిలిచియుండును. 1984లో ఆ నేల త్రవ్వి చూడగా, ఆదిమవాసుల చేత మేలైన పలుగుండ్ల తుపాకులనేకము లుండెనని తూటాల తొడుగులే సాక్ష్యమిచ్చెను.

మన చిత్రములలో 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ చింతపల్లి ప్రాంతములోనే చిత్రింపబడినది; కావున కొండలు నిజమైనవి. 2022 నాటి ‘ఆర్ ఆర్ ఆర్’ సీతారామరాజును, కొమురం భీమును మిత్రులుగా జూపు కల్పనాకథ. రెండును కనుల పండువే; కాని కల్పనను చరిత్రయని నమ్మరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు: చిత్రకారుని యంత్రము ఏ ప్రక్క నిలిచినది? అమెరికా చిత్రములలో నది తరచుగా కోటలోను, బండి చాటునను నిలుచును. ఆదిమవాసి పేరులేని గుంపుగా వచ్చి కూలును. మన చిత్రములలో నది కొండమీద నిలిచినది; అది మేలే. అయినను నాయకుని వెనుక నిలిచిన కోయలకును, కొండరెడ్లకును పేరును మాటయు ఎంత దక్కెను? గాము గంటందొర, మల్లుదొర సోదరులను మనలో నెందఱు స్మరింతురు?

విద్యార్థులారా, చిత్రమును చూడుడు, ఆనందింపుడు. ఇంటికి వచ్చి, తూటాలెన్ని, దినములెన్ని, కూలినవారి పేర్లెవ్వి, పోరునకు కారణమేమి యని నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. మీ గ్రామములలోని వృద్ధులను గూడ నడుగుడు. రేకపల్లికి తెరమీద చోటు దొరకకపోయినను మన జ్ఞాపకమున దొరకవలెను.