నోట్సు నిండింది, తర్వాతేంటి?

ప్రశ్న: మా స్త్రీల కూడికలో యాకోబు పత్రిక అధ్యయనం ముగిసింది. నోట్సు నిండింది గానీ నాలో ఏ మార్పూ కనబడడం లేదు. అందరూ వెంటనే రోమా పత్రిక మొదలుపెడదామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రోమా పత్రిక ఎక్కడికీ పోదమ్మా, ఓ నెల ఆగండి. యాకోబు రాసింది అయిదు అధ్యాయాలు, 108 వచనాలు. అందరూ కూర్చుని ఒక్క బిగిన బిగ్గరగా చదవండి. మీకు గుచ్చుకున్న ఒక్క చోట గుర్తు పెట్టుకోండి.

"ఇంకా ప్రేమగా ఉంటాను" లాంటి తీర్మానాలు వద్దు, వాటికి ఎవరూ లెక్క అడగరు. ఎవరి విషయంలో, ఏ రోజు, ఏం చేస్తారో రాయండి. 5వ అధ్యాయంలో కోత కూలీల కూలి బిగబట్టిన ధనవంతుల మీద యాకోబు ఎంత కటువుగా మాట్లాడతాడు! మనకు పొలాల్లేవు కదా అని దాటేస్తాం. ఇంట్లో పనిచేసే ఆమెకు జీతం ఏ తారీఖున ఇస్తున్నాం? జ్వరమొచ్చి మానేసిన రోజుకు కోస్తున్నామా? 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ల దగ్గర. మీ సంఘంలో కుర్చీ ఎవరికి, చాప ఎవరికి? అక్కడ కులం మాట వస్తుంది, రానివ్వండి.

యాకోబు హెచ్చరించిన నాలుక సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ప్రార్థన మనవి పేరుతో పొరుగింటి గుట్టు విప్పడం మన కూడికలకు పాత అలవాటే.

రాసుకున్నది అందరి ముందూ సాక్ష్యంగా చెప్పకండి. నమ్మకమైన ఒక్క సహోదరికి చెప్పి, వారం తిరిగేసరికి అడగమనండి.