పికప్ ట్రక్కు క్యాబినులో శబ్ద నివారణము : తగిన పదార్థముల నెన్నుకొనుట

మదనపల్లె నుండి టొమాటోలను, భీమవరము నుండి చేపలను దూరపు సంతలకు మోసికొనిపోవు పికప్ ట్రక్కులను మన విద్యార్థు లందఱును ఎఱుగుదురు. ఎందఱో గృహస్థులకు ఆ బండియే జీవనాధారము. రాత్రి యంతయు దానిని నడిపి ఇల్లు చేరిన వానికి కొంతసేపటి వఱకు మాటలు సరిగా వినబడకుండుట కలదు. అట్టిది పలుమాఱు జరిగినచో చెవిలోని సూక్ష్మ నాడీకణములు నశించును. నశించినవి తిరిగి పుట్టవు. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ 85 డెసిబెళ్ల శబ్దమును దినమునకు 8 గంటలకు మించి వినరాదని సూచించినది. అటుపై ప్రతి 3 డెసిబెళ్ల పెంపునకును ఆ కాలము సగమగును. 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2 గంటలు మాత్రమే. కావున క్యాబినులోని శబ్దమును తగ్గించుట విలాసము కాదు, ఆరోగ్య రక్షణము.

శబ్దము లోనికి వచ్చు మార్గములు మూడు. ఇంజను, గేరుపెట్టె, చక్రములు వీని అదురు చట్రము గుండా క్యాబిను రేకులకు చేరును; ఒక మిల్లీమీటరైనను దళసరి లేని ఆ రేకులు తప్పెటవలె మ్రోగును. ఇది మొదటిది. బయటి గాలిలోని శబ్దము రేకుల గుండాను, సందుల గుండాను చొచ్చుకొని వచ్చుట రెండవది. వచ్చిన శబ్దము గట్టి తలములపై బడి మఱల మఱల ప్రతిఫలించుట మూడవది. మార్గములు మూడు గనుక మందులును మూడు. అంగడిలో అన్నిటిని ఒక్క పేరుతో అమ్ముచున్నను, కొనువారు వేఱువేఱుగా తెలిసికొనవలెను.

మొదటి తరగతి అదురు నణచునవి. పాఠశాల గంటను మ్రోగించి వెంటనే అరచేతితో తాకుడు, మ్రోత ఆగిపోవును. చేయి శబ్దమునకు అడ్డుగోడ కాలేదు. గంట యదురులోని శక్తిని గ్రహించి వేడిగా మార్చినది. బ్యూటైల్ రబ్బరు పలక చేయు పనియు ఇదియే. సుమారు 2 మిల్లీమీటర్ల జిగురు రబ్బరుపై అల్యూమినియం పొర అతికియుండును. క్రింది ఇనుపరేకు వంగినప్పుడు పై పొర సులభముగా వంగదు. నడుమ నున్న రబ్బరు సాగి, నలిగి, ఆ శక్తిని వేడిగా మార్చును. రేకునంతయు కప్పనక్కఱలేదు. విశాలమైన రేకు నడిమి భాగమున నాలుగవ వంతునకు కొంచెము మించి అతికించినను చాలవఱకు ఫలము కలుగును. తారు పలకలు చవుక. కాని వేసవి యెండలో పైకప్పు కాగినప్పుడు మెత్తబడి వాసన వేయును, ఊడిపడుటయు గలదు.

రెండవ తరగతి శబ్దము నడ్డగించునవి. వీనికి బరువే బలము. అడ్డుపొర బరువు రెట్టింపైనచో శబ్దము దాదాపు మఱి 6 డెసిబెళ్లు తగ్గునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. ఇందులకు బరువు కలిపిన వినైల్ పట్టాను వాడుదురు. అందు సాధారణమైనది చదరపు మీటరునకు సుమారు 5 కిలోలు తూగును. 3 చదరపు మీటర్లకు 15 కిలోలు. దీనిని రేకున కంటించక, నడుమ నీరు పీల్చని మూతగడుల నురుగుపొరను వేయవలెను. సందు మాత్రము విడువరాదు. నూటికి ఒక వంతు తెఱపి యున్న యెడల, తక్కిన 99 వంతులను ఎంత మేలైన వస్తువుతో కప్పినను తగ్గుదల 20 డెసిబెళ్లకు మించదు.

మూడవ తరగతి శబ్దమును పీల్చునవి. ఖాళీ సభాశాలలో గొంతు మారుమ్రోగును. జనులు నిండినప్పుడు మ్రోగదు. వారి వస్త్రములు శబ్దమును పీల్చుటయే కారణము. నారతో చేసిన దళసరి ఫెల్టు, తెఱపిగడుల నురుగు ఇట్టివి. అయితే వీనికొక మేర కలదు. సెకండునకు 1000 కంపనముల శబ్దతరంగము పొడవు సుమారు 34 సెంటీమీటర్లు. 100 కంపనములదైన 3 మీటర్లకు పైగా నుండును. అంగుళము దళసరి గల ఫెల్టు సన్నని శబ్దమును పీల్చగలదు గాని, ఇంజను యొక్క లోతైన ఘోషను పీల్చజాలదు.

ఇక ఎన్నుకొను విధము. ముందుగా పొగగొట్టపు చిల్లులను, వదులైన మరలను, చినిగిన తలుపు రబ్బరులను బాగుచేయించుడు. పొగగొట్టపు చిల్లు శబ్దమునే గాక ప్రాణాంతకమైన విషవాయువును కూడ లోనికి తేగలదు. దాని శబ్దమును పట్టాలతో కప్పిపుచ్చుట రోగమును దాచుటయే. పిదప పరీక్షింపుడు. బండి నిలిచియుండగా మ్రోత హెచ్చుగా నున్నచో దోషము ఇంజను వైపుది. రోడ్డు మాఱినప్పుడు మాఱినచో చక్రములది. వేగముతో ఈలవలె హెచ్చినచో తలుపు సందులది. రేకును వ్రేలితో కొట్టినప్పుడు ఖంగుమన్నచో రబ్బరు పలక కావలెను. మందముగా పలికినచో నక్కఱలేదు. సొమ్ము కొంచెమే యున్నచో తలుపు రబ్బరులు మొదట, రబ్బరు పలకలు పిదప, వినైల్ పట్టా నేలకును ఇంజను వైపు గోడకును, కడపట ఫెల్టు.

మూడు హెచ్చరికలు మఱువరాదు. ఒకటి, తలుపు అడుగున నీరు పోవు రంధ్రములను మూయరాదు. నీరు నిలిచిన రేకు త్రుప్పుపట్టును. నేలపై తడిని పట్టియుంచు ఫెల్టును వేయుటయు అట్టిదే. రెండు, పరుపులలోని నురుగును తెచ్చి వాడరాదు. అది త్వరగా మండును. అమెరికా దేశపు 302వ వాహన ప్రమాణము క్యాబిను లోపలి వస్తువులు నిమిషమునకు 102 మిల్లీమీటర్లకు మించిన వేగముతో మండరాదని విధించినది. వేడి పొగగొట్టము చెంత ఏ నురుగును ఉంచరాదు. మూడు, త్రుప్పు, నూనె, ధూళి తొలగించి, ఆఱిన రేకుపైననే పలకను అతికించి, రోలరుతో గట్టిగా నొత్తవలెను. అల్యూమినియం అంచులు చేతిని కోయును గాన తొడుగులు ధరింపుడు.

పనికి ముందును పిదపను ఒకే రోడ్డున, ఒకే వేగమున శబ్దమును కొలిచి వ్రాసికొనుడు. కొలిచేవాడు బండి నడుపువాడు కారాదు. 3 డెసిబెళ్లు తగ్గినను చెవికి చేరు శక్తి సగమైనదని తెలిసికొనుడు. వెనుకవచ్చు బండి కొమ్ము, అంబులెన్సు కేక డ్రైవరునకు వినబడుచునే యుండవలెను. అనవసరమైన మ్రోత తగ్గినచో అవసరమైన పిలుపు మఱింత స్పష్టముగా వినబడును.